హజ్రత్ ఉమర్ (రజి) కోపం

కోపం ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన ఇళ్ళలో హజ్రత్ ఉమర్ (రజి) పేరు వినిపిస్తూ ఉంటుంది. భార్యాపిల్లల మీద అరిచే మనిషిని పెద్దలెవరైనా మందలిస్తే, తన స్వభావమే అంత అంటాడు. హజ్రత్ ఉమర్ (రజి) అంతటివారు కూడా కఠిన స్వభావులే కదా అని ఎదురు ప్రశ్న వేస్తాడు. మసలా అడగడానికి వచ్చేవారి నోట మేము ఈ మాట ఎన్నోసార్లు విన్నాం. విచిత్రం ఏమిటంటే, ఆ మనిషే దుకాణంలో గిరాకీ ఎంత విసిగించినా నవ్వుతూనే ఉంటాడు. యజమాని నలుగురిలో తిట్టినా తల వంచుకుని నిలబడతాడు. కోపం రాక కాదు, అక్కడ మింగుతాడు. ఇంటి గడప దాటి లోపలికి వచ్చాక వదిలేస్తాడు. స్వభావమే అంత అయితే మరి దుకాణంలో అది ఎక్కడికి పోయింది?

ఈ ప్రశ్నను మనసులో పెట్టుకుని మేము హజ్రత్ ఉమర్ (రజి) జీవితాన్ని మరోసారి చదివాం. ఆయన కఠినులన్నది నిజమే. కానీ ఆ కాఠిన్యం మక్కాలో ఒకలా ఉంది, మదీనాలో ఒకలా ఉంది. దైవప్రవక్త (స) సన్నిధిలో ఒకలా, ఖలీఫా అయిన తర్వాత మరొకలా కనిపిస్తుంది. ఆయన పేరు చెప్పి తమ కోపాన్ని సమర్థించుకునేవారు ఈ జీవితంలో మొదటి ముక్క ఒక్కటే పట్టుకుని మిగతాది వదిలేస్తున్నారని మాకు అనిపించింది.

హజ్రత్ ఉమర్ (రజి) ఖురైషుల్లోని బనూ అదీ వంశంలో జన్మించారు. వయసులో దైవప్రవక్త (స) కంటే సుమారు 13 ఏళ్ళు చిన్నవారని చరిత్రకారులు రాశారు. ఇతర తెగల దగ్గరికి ఖురైషుల తరఫున రాయబారం నడిపే బాధ్యత ఆ వంశానిదే. చదవను రాయను వచ్చినవారు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే ఉన్న ఆ ఊళ్ళో ఆయనకు చదువు వచ్చు. ఉకాజ్ సంతలో కుస్తీలు పట్టేవారు. తండ్రి ఖత్తాబ్ బహు కర్కశుడు. అతని అన్నకొడుకు జైద్ బిన్ అమ్ర్ విగ్రహారాధన వదిలి ఇబ్రాహీం (అలై) ధర్మాన్ని వెతుక్కుంటే, ఖత్తాబ్ ఆయన్ని ఊళ్ళోకి రానివ్వకుండా కుర్రాళ్ళను ఉసిగొల్పాడు. సొంత కొడుకు పట్ల కూడా అతనికి జాలి లేదు. దజ్నాన్ అనే చోట బాలుడైన ఉమర్ తండ్రి ఒంటెలు మేపేవారు. పని చేస్తే అలసిపోయేంత చేయించేవాడు, తగ్గితే కొట్టేవాడు. చాలా ఏళ్ళ తర్వాత ఖలీఫాగా ఆ దారినే వెళ్తూ హజ్రత్ ఉమర్ (రజి) ఆగి, ఆ రోజులను తోటివారికి చెప్పుకున్నారు. ఇప్పుడు తన పైన అల్లాహ్ తప్ప మరెవరూ లేరని కూడా అన్నారు. దెబ్బలు తిన్న చోటును ఆయన మరచిపోలేదు.

అలాంటి ఇంట్లో పెరిగిన యువకుడికి కోపాన్ని అణచుకోవాలని ఎవరు నేర్పుతారు? పైగా అప్పటి మక్కాలో కోపం మగతనానికి గుర్తు. అవమానాన్ని సహించినవాడు పిరికివాడి కింద లెక్క. అందుకే ఇస్లాంకు ముందు ఆయన చేతి దెబ్బలు ముస్లిములకు బాగా తెలుసు. ఇస్లాం స్వీకరించిన ఒక బానిస యువతిని తాను అలసిపోయేదాకా కొట్టేవారు. చివరికి హజ్రత్ అబూబక్ర్ (రజి) ఆమెను కొని విముక్తి చేశారు. హజ్రత్ సయీద్ బిన్ జైద్ (రజి) ఆయనకు స్వయానా చెల్లెలి భర్త. ఇస్లాం స్వీకరించినందుకు ఉమర్ తనను కట్టేసేవారని ఆయనే చెప్పిన విషయం సహీహ్ బుఖారీలో ఉంది. ఈ సయీద్ ఎవరో కాదు, ఖత్తాబ్ ఊరి నుంచి వెళ్ళగొట్టిన జైద్ కుమారుడే. తండ్రి జైద్‌కు ఏం చేశాడో, కొడుకు జైద్ కొడుక్కి అదే చేశాడు. కోపం ఇలా కూడా వారసత్వంగా వస్తుంది.

అయితే ఆ రోజుల్లోనే జరిగిన ఒక చిన్న సంఘటన మమ్మల్ని ఆలోచింపజేసింది. హజ్రత్ లైలా (రజి) అనే సహాబియ్యా, భర్త ఆమిర్ (రజి)తో కలిసి హబషాకు వలస వెళ్ళడానికి సామాన్లు సర్దుకుంటున్నారు. భర్త ఏదో పని మీద బయటికి వెళ్ళిన సమయంలో ఉమర్ వచ్చి నిలబడ్డారు. ఎక్కడికి ప్రయాణమని అడిగారు. మీరు పెట్టే బాధలు భరించలేక అల్లాహ్ భూమిలో మరో చోటికి పోతున్నామని ఆమె చెప్పేశారు. ఎప్పుడూ లేనిది ఆయన గొంతు మెత్తబడింది, అల్లాహ్ మీకు తోడుండు గాక అని వెళ్ళిపోయారు. వాళ్ళు వెళ్ళిపోవడం ఆయనకు దిగులు కలిగించిందని ఆమె గ్రహించారు. ఇంటికి వచ్చిన భర్తతో చెబితే ఆయన నమ్మలేదు, ఖత్తాబ్ గాడిద ఇస్లాం స్వీకరిస్తే స్వీకరించవచ్చు గాని ఉమర్ స్వీకరించడని తేల్చేశారు. మగవాళ్ళ గుంపు లేని చోట, తనకు ఎదురు నిలవని ఒక ఇల్లాలి ముందు, అదే మనిషిలో మరో గుణం బయటికి వచ్చింది. అది అంతకుముందు కూడా లోపల ఉన్నదే.

ఇస్లాం స్వీకరణ వృత్తాంతం మన పిల్లలకు కూడా తెలుసు. సీరత్ గ్రంథాల్లో అది ప్రసిద్ధమే, హదీసు విద్వాంసులు దాని పరంపర మీద చర్చ చేశారన్నది కూడా నిజమే. దైవదౌత్యపు 6వ ఏట (సుమారు క్రీ.శ. 616) కత్తి పట్టుకుని బయల్దేరినవారు దారి మళ్ళి చెల్లెలు ఫాతిమా (రజి) ఇంటికి వెళ్ళారు. బావను కొట్టారు, అడ్డం వచ్చిన చెల్లెలిని కొట్టారు. ఆమె ముఖం మీద రక్తం చూశాక సిగ్గు కలిగింది. ఆ తర్వాతే తాహా సూరా చదివారు. సూరా ప్రభావం గురించి మనం ఎప్పుడూ మాట్లాడుకుంటాం, అది న్యాయమే. కానీ చదవడానికి ముందు ఆ చెయ్యి ఆగింది. అది ఆగింది చెల్లెలి రక్తం చూసి.

హిజ్రత్ తర్వాత పరిస్థితి వేరైంది. ఈ మాట మా ఊహ కాదు, హజ్రత్ ఉమరే (రజి) స్వయంగా చెప్పుకున్నారు. మక్కాలో ఖురైషు మగవాళ్ళదే పైచేయి. మదీనాకు వచ్చి చూస్తే అన్సార్ల ఇళ్ళలో ఆడవాళ్ళ మాట చెల్లుతోంది. ముహాజిర్ల భార్యలు వాళ్ళను చూసి నేర్చుకున్నారు. ఒకరోజు హజ్రత్ ఉమర్ (రజి) భార్యను కోప్పడ్డారు. ఆమె తిరిగి జవాబు చెప్పారు. ఇదేమిటని ఆయన నివ్వెరపోతే, దైవప్రవక్త (స) భార్యలు కూడా ఆయనకు ఎదురు చెబుతారు, మీకు నేను చెబితే వచ్చిందేమిటి అని ఆమె అడిగారు. మక్కాలో అయితే ఆ సంభాషణ ఎలా ముగిసేదో ఊహించడం కష్టం కాదు. మదీనాలో ఆయన చెయ్యెత్తలేదు. కంగారుగా బట్టలు సర్దుకుని కుమార్తె హఫ్సా (రజి) దగ్గరికి వెళ్ళారు, ఇది నిజమేనా అని అడగడానికి. నిజమే అని ఆమె చెప్పారు. దైవప్రవక్త (స)కు బాధ కలిగించవద్దనీ, ఏం కావాలన్నా తనను అడగమనీ కుమార్తెకు నచ్చజెప్పి వచ్చారు.

ఆ తర్వాత కొంతకాలానికి దైవప్రవక్త (స) ఒక నెలపాటు భార్యలకు దూరంగా మేడగదిలో ఉన్నారు. విడాకులు ఇచ్చేశారని ఊళ్ళో పుకారు పుట్టింది. మస్జిదులో కొందరు ఏడుస్తున్నారు. హజ్రత్ ఉమర్ (రజి) రెండుసార్లు అనుమతి అడిగినా జవాబు రాక వెనుదిరిగారు, మూడోసారి అనుమతి దొరికింది. లోపల దైవప్రవక్త (స) ఈతాకు చాప మీద పడుకుని ఉన్నారు. చాప గుర్తులు శరీరం మీద పడ్డాయి. విడాకులు ఇవ్వలేదని తెలిసి హజ్రత్ ఉమర్ (రజి) తక్బీర్ పలికారు. అక్కడ ఆయన చేసిన పని చూడండి. దైవప్రవక్త (స) మనసు తేలికపరచాలని, ఖురైషుల ఆడవాళ్ళు మదీనాకు వచ్చి మారిపోయిన కథ చెప్పారు. అంటే ఒకనాడు తనకు కోపం తెప్పించిన విషయాన్నే నవ్వు తెప్పించడానికి వాడారు. దైవప్రవక్త (స) చిరునవ్వు నవ్వారు. మళ్ళీ చెప్పారు, మళ్ళీ నవ్వారు. తర్వాత ఆయన గది నలువైపులా చూశారు. లెక్కపెట్టదగిన వస్తువేదీ అక్కడ లేదు. ఆయనకు దుఃఖం వచ్చింది.

అయినా ఆయన పూర్తిగా మెత్తబడ్డారని కాదు. ఖురైషు స్త్రీలు దైవప్రవక్త (స) దగ్గర గొంతు పెంచి మాట్లాడుతున్న సమయంలో ఉమర్ (రజి) వచ్చారని తెలిసి గబగబా తెరచాటుకు పోయారని సహీహ్ బుఖారీలోనే ఉంది. నాకు భయపడతారు గాని దైవప్రవక్తకు భయపడరా అని ఆయన అడిగితే, మీరు ఆయన కంటే కర్కశులు అని వాళ్ళు ముఖం మీదే చెప్పారు. ఆ మాట విని ఆయన కేకలు వేయలేదు. దైవప్రవక్త (స) నవ్వుతూ ఉన్నారు మరి.

బహిరంగ విషయాల్లో కూడా ఆ కోపానికి ఆ సన్నిధే కట్టుగొయ్యగా ఉండేది. బద్ర్ యుద్ధం (హిజ్రీ 2, క్రీ.శ. 624)లో ఖురైషుల వక్త సుహైల్ బిన్ అమ్ర్ బందీగా చిక్కాడు. ఇస్లాంకు వ్యతిరేకంగా మళ్ళీ ప్రసంగించలేకుండా అతని ముందుపళ్ళు ఊడబీకుతానని హజ్రత్ ఉమర్ (రజి) అనుమతి అడిగారు. దైవప్రవక్త (స) ఒప్పుకోలేదు. మున్ముందు అతను మీరు మెచ్చుకునే చోట నిలబడవచ్చని సెలవిచ్చారు. నాలుగేళ్ళ తర్వాత హుదైబియాలో (హిజ్రీ 6, క్రీ.శ. 628) ఖురైషుల తరఫున ఒప్పందం రాయించుకోవడానికి వచ్చింది ఆ సుహైలే. షరతులు చూసి హజ్రత్ ఉమర్ (రజి) తట్టుకోలేకపోయారు. దైవప్రవక్త (స) దగ్గరికి వెళ్ళి, మనం సత్యం మీద లేమా అని అడిగారు. అక్కడ ఓదార్పు దొరికినా మనసు ఊరుకోక హజ్రత్ అబూబక్ర్ (రజి) దగ్గరికి వెళ్ళి అవే ప్రశ్నలు వేశారు, దాదాపు అవే జవాబులు వచ్చాయి. ఆ రోజు అలా మాట్లాడినందుకు భయపడి ఆ తర్వాత చాలాకాలం ఉపవాసాలు, నమాజులు, దానాలు చేస్తూ, బానిసలను విముక్తి చేస్తూ ఉన్నారు. ఇక సుహైల్ సంగతి: మక్కా విజయం తర్వాత ఆయన ఇస్లాం స్వీకరించారు. దైవప్రవక్త (స) పరమపదించినప్పుడు మక్కావాసులు ఊగిసలాడుతుంటే నిలబడి ప్రసంగించి వారిని నిలబెట్టింది ఆ నోరే.

ఆ వార్త మదీనాలో హజ్రత్ ఉమర్ (రజి)ని ఏం చేసిందో మనకు తెలుసు. హిజ్రీ 11 (క్రీ.శ. 632), రబీఉల్ అవ్వల్ నెల. దైవప్రవక్త (స) చనిపోలేదనీ, తిరిగి వచ్చి అలా అన్నవారి కాళ్ళు చేతులు నరుకుతారనీ మస్జిదులో ప్రకటించారు. అది దుఃఖమే, కానీ ఆ మనిషికి దుఃఖం కూడా కోపం రూపంలోనే వచ్చింది. చాలామంది మగవాళ్ళకు ఇంతే. ఏడవాల్సిన చోట అరుస్తారు. హజ్రత్ అబూబక్ర్ (రజి) వచ్చి కూర్చోమన్నారు, ఆయన కూర్చోలేదు. అబూబక్ర్ (రజి) వాదించలేదు, జనం వైపు తిరిగి మాట్లాడి ఆలి ఇమ్రాన్ సూరాలోని 144వ ఆయతు వినిపించారు. అప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) కాళ్ళు ఆయన్ని మోయలేదు, నేలకు కూలబడిపోయారు. ఆ ఆయతు ఆయనకు కొత్తది కాదు. ఎంతోకాలంగా వింటున్నదే. ఆ ఘడియలో ఆ నోటి నుంచి వినడం వేరు.

అదే రోజు సఖీఫాలో మాట్లాడడానికి ఆయన తన మనసుకు నచ్చిన ప్రసంగం ఒకటి సిద్ధం చేసుకున్నారు. మొదలుపెట్టబోతే హజ్రత్ అబూబక్ర్ (రజి) నిదానించమన్నారు. ఆయనకు కోపం తెప్పించడం ఇష్టం లేక ఉమర్ (రజి) ఆగిపోయారు. తీరా చూస్తే తాను అనుకున్నవన్నీ అబూబక్ర్ (రజి) తన కంటే బాగా చెప్పారని తర్వాత ఒప్పుకున్నారు.

హజ్రత్ అబూబక్ర్ (రజి) తన చివరి రోజుల్లో ఉమర్ (రజి)ని ఖలీఫాగా నియమించే విషయమై సలహా అడిగితే, హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆయన కాఠిన్యం గురించి సంకోచం వెలిబుచ్చారు. దానికి అబూబక్ర్ (రజి) ఇచ్చిన సమాధానం ఎంతో లోతైనది. తాను మెతకగా ఉంటున్నందువల్లనే ఉమర్ గట్టిగా ఉంటున్నారని ఆయన చెప్పారు. తాను ఎవరి మీదైనా కోపగిస్తే ఉమర్ ఆ మనిషి పక్షాన మాట్లాడతారనీ, తాను మెత్తబడితే ఉమర్ బిగుసుకుంటారనీ గమనించారట. బాధ్యత తన మీదే పడినప్పుడు ఆ కాఠిన్యంలో చాలాభాగం వదిలేస్తారని కూడా చెప్పారు. రెండేళ్ళు పక్కన కూర్చుని చూసిన మనిషి పరిశీలన ఇది. తల్లి గారాబం చేసే ఇంట్లో తండ్రి కఠినంగా ఉండడం, ఆ తల్లి ఊరికి వెళ్ళిన వారం రోజులూ ఆ తండ్రే పిల్లల దగ్గర మెత్తబడిపోవడం మనం చూసేదే.

హిజ్రీ 13 (క్రీ.శ. 634)లో బాధ్యత మీద పడింది. తాను కఠినుణ్ణని ఒప్పుకుంటూ, తనను మృదువుగా చెయ్యమని ఆయన అల్లాహ్‌ను వేడుకున్నారు. స్వభావమే అంత అని ఊరుకోలేదు. అయితే వేడుకోలుతో కూడా ఊరుకోలేదు, తన చుట్టూ ఎవరు కూర్చోవాలో ఎంచుకున్నారు. వృద్ధులైనా, యువకులైనా ఖుర్ఆన్ తెలిసినవారే ఆయన సభలో ఉండేవారు. వారిలో హుర్ర్ బిన్ ఖైస్ (రజి) ఒకరు. ఆయన పినతండ్రి ఉయైనా బిన్ హిస్న్ పల్లెటూరి మోటు సర్దారు. అన్నకొడుకు ద్వారా అనుమతి సంపాదించి లోపలికి వచ్చి, నువ్వు మాకు సరిగా ఇవ్వవు, న్యాయంగా తీర్పు చెయ్యవు అని ఖలీఫా ముఖం మీదే అన్నాడు. హజ్రత్ ఉమర్ (రజి) కొట్టేంత కోపంతో లేచారు. హుర్ర్ (రజి) వెంటనే ఆరాఫ్ సూరాలోని 199వ ఆయతు, క్షమ గురించీ మూర్ఖుల నుంచి తొలగిపోవడం గురించీ చెప్పే ఆయతు చదివి, ఇతను అలాంటివాడే అని విన్నవించారు. ఖలీఫా అక్కడే ఆగిపోయారు, ఒక్క అడుగు కూడా ముందుకు వేయలేదు. ఆ సభలో ఖుర్ఆన్ తెలిసిన యువకుడు కాక ముఖస్తుతి చేసేవాడు ఉంటే ఉయైనాకు దెబ్బలు తప్పేవి కావు.

అదే ఆరోపణ ఇంకో చోట మరొకరి నోట వచ్చింది. మదీనా బయట రాత్రిపూట పొయ్యి మీద వట్టి నీళ్ళ కుండ పెట్టి, ఆకలితో ఏడ్చే పిల్లలను మభ్యపెడుతున్న స్త్రీ కథ మీకు తెలుసు. ఎదురుగా ఉన్నది ఉమరే అని తెలియక, తమ సంగతి పట్టించుకోని ఉమర్‌ను అల్లాహ్ ముందు నిలదీస్తానని ఆమె అన్నది. అక్కడ ఆయన చెయ్యి లేవలేదు. వెళ్ళి పిండి బస్తా తన వీపు మీదే మోసుకొచ్చారు, పొయ్యి ఊదారు, వండి పెట్టారు. ఆ తర్వాత కూడా దూరంగా కూర్చుని చూస్తూ ఉన్నారు. పిల్లలు నవ్వుతూ ఆడుకుని నిద్రపోయాకే కదిలారు. ఏడుస్తుండగా చూసిన పిల్లలను నవ్వుతుండగా చూడకుండా వెళ్ళడానికి ఆయన మనసు ఒప్పలేదు.

ఆయన అన్న జైద్ బిన్ ఖత్తాబ్ (రజి) యమామా యుద్ధంలో (హిజ్రీ 12) షహీద్ అయ్యారు. తనకంటే ముందు ఇస్లాం స్వీకరించి, తనకంటే ముందు షహాదత్ పొందాడని తమ్ముడు తలచుకుని బాధపడేవారు. యమామాలో శత్రుపక్షాన పోరాడి జైద్ (రజి)ని చంపాడని చెప్పే అబూ మర్యమ్ హనఫీ తర్వాత ముస్లిమై ఖలీఫా ఎదుటికి వచ్చాడు. భూమి రక్తాన్ని ఇష్టపడేదాకా నేను నిన్ను ఇష్టపడనని హజ్రత్ ఉమర్ (రజి) దాచుకోకుండా చెప్పారు. అందువల్ల నాకు రావలసిన హక్కేదైనా పోతుందా అని అతను అడిగాడు. పోదన్నారు ఖలీఫా. అయితే ఫరవాలేదు, ప్రేమ లేదని దిగులుపడేది ఆడవాళ్ళు అని అతను వెళ్ళిపోయాడు. మాకు ఈ సంఘటన ఎంతో నచ్చుతుంది. అన్న మీది దుఃఖం ఆయన గుండెలోనే ఉంది, దాన్ని లేదని నటించలేదు. బైతుల్‌మాల్ లెక్కలోకి మాత్రం దాన్ని రానివ్వలేదు.

తన స్థానం ఎదుటివారి మనసును ఏం చేస్తుందో ఆయనకు నేర్పిన సంఘటన ఒకటి ఫిఖహ్ గ్రంథాల్లో దియ్యత్ (రక్తపరిహారం) ప్రకరణంలో కనిపిస్తుంది. ఏదో ఫిర్యాదు మీద ఒక స్త్రీని పిలిపించారు. ఆమె గర్భవతి. ఉమర్ పిలిచారన్న భయంతోనే దారిలో నొప్పులు వచ్చి, పుట్టిన బిడ్డ చనిపోయింది. హజ్రత్ ఉమర్ (రజి) సహాబాల సలహా అడిగారు. మీరు పాలకులు, క్రమశిక్షణ మీ పని, మీ మీద ఏమీ లేదని కొందరన్నారు. హజ్రత్ అలీ (రజి) మౌనంగా ఉన్నారు. అడిగితే చెప్పారు: అది వారి అభిప్రాయమైతే పొరబడ్డారు, మిమ్మల్ని మెప్పించడానికి అన్నారా, మీకు మేలు కోరలేదు. ఆమెను భయపెట్టింది మీరే కనుక దియ్యత్ మీ మీదే ఉంది. ఖలీఫా ఆ తీర్పును శిరసావహించారు. ఆయన ఆమెను కొట్టలేదు, తిట్టలేదు, కనీసం చూడను కూడా లేదు.

హిజ్రీ 23 (క్రీ.శ. 644), జుల్‌హిజ్జా నెలాఖరు. ఫజ్ర్ నమాజు చేయిస్తుండగా అబూ లూలూ కత్తితో పొడిచాడు. తాగించిన పాలు గాయం నుంచి బయటికి వచ్చేసరికి అందరికీ ఆశ వదులుకోక తప్పలేదు. పరామర్శకు వచ్చిన ఒక యువకుడు వెళ్తుంటే అతని లుంగీ నేలను రాస్తోంది. వెనక్కి పిలిచి, అన్న కొడుకా అంటూ, కాస్త పైకి కట్టుకోమనీ, బట్టకు శుభ్రం, అల్లాహ్ పట్ల భయభక్తులకు తగిన పని అనీ మెల్లగా చెప్పారు. తర్వాత కుమారుడు అబ్దుల్లాహ్ (రజి)ని విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి) దగ్గరికి పంపారు, తన ఇద్దరు సహచరుల పక్కన ఖననానికి చోటు అడగడానికి. అమీరుల్ మోమినీన్ అనవద్దు, ఉమర్ సలాం చెబుతున్నాడని మాత్రమే చెప్పు, ఈ రోజు నేను అమీరును కాను అన్నారు. ఆ చోటు తన కోసం అట్టిపెట్టుకున్న ఆమె ఏడుస్తూనే ఒప్పుకున్నారు. కుమారుడు శుభవార్త తెచ్చాడు. ఆయన అల్లాహ్‌కు కృతజ్ఞత చెప్పుకున్నారు. కానీ అక్కడితో ఆగలేదు. నేను చనిపోయాక జనాజా మోసుకెళ్ళి గుమ్మం దగ్గర ఆగి, సలాం చేసి, ఉమర్ అనుమతి కోరుతున్నాడని మరోసారి అడగండి అన్నారు. అప్పుడూ సరే అంటే లోపలికి తీసుకెళ్ళండి, కాదంటే ముస్లిముల సాధారణ ఖబరస్తానుకు తీసుకెళ్ళండి.

అలాగే అడిగారు. ఆమె అనుమతి ఇచ్చారు.